వీవీటీ కోడ్ వచ్చిందా? సోలెనాయిడ్ కొనకముందు ఆయిల్ వెళ్లే దారి చూడండి

రెండేళ్ల కిందట మా బావగారి కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ నున్నగానే తిరిగేది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం పికప్ ఉండేది కాదు, మైలేజ్ కూడా పడిపోయింది. షెడ్డులో స్కానర్ పెడితే పీ0012 అనే తప్పు కోడ్ వచ్చింది. వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) సోలెనాయిడ్ పోయిందని చెప్పి కొత్తది వేశారు. వారం తిరక్కుండా లైటు మళ్లీ వెలిగింది. ఆ పీసు డూప్లికేట్ అయ్యుంటుందని ఇంకొకటి వేశారు. మళ్లీ అదే కథ. మూడోసారి వెళ్తే టైమింగ్ చైన్ కిట్టు మొత్తం మార్చాలన్నారు. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

ఆ కారులో తప్పు ఎక్కడ దొరికిందో కింద దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను. రోగమొకటి మందొకటి అయిపోయి జనం వేలకు వేలు పోసుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో సగం పనులు స్పానర్ పట్టడం రాకపోయినా ఇంటి ముందే చేసుకోవచ్చు. మిగతా సగం మీ మెకానిక్ పక్కన నిలబడి చేయించుకోవచ్చు.

ముందు కోడ్ ఏమంటోందో అర్థం చేసుకోండి

వాల్వులను తెరిచి మూసేది కామ్ షాఫ్ట్. దాన్ని తిప్పేది టైమింగ్ చైను. వీవీటీ ఉన్న ఇంజిన్‌లో చైనుకూ కామ్‌కూ మధ్య ఫేజర్ ఉంటుంది. బయటి నుంచి మామూలు పళ్ల చక్రంలాగే కనిపిస్తుంది, లోపల రెక్కలు, వాటికి అటూ ఇటూ చిన్న గదులు ఉంటాయి. ఒక వైపు గదుల్లోకి ఇంజిన్ ఆయిల్ వెళితే కామ్ కొన్ని డిగ్రీలు ముందుకు జరుగుతుంది, రెండో వైపు వెళితే వెనక్కి వస్తుంది. ఆయిల్‌ను ఎటు పంపాలో చూసుకునేది ఆయిల్ కంట్రోల్ వాల్వ్. మన షెడ్డుల్లో వీవీటీ సోలెనాయిడ్ అంటారు, ఓసీవీ అని కూడా అంటారు. ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, దానికి కరెంటు పంపిస్తూ, కామ్ ఎంత జరిగిందో కామ్ సెన్సర్ ద్వారా చూసుకుంటూ ఉంటుంది.

అంటే కామ్‌ను జరిపే బలం కరెంటుది కాదు, ఆయిల్‌ది. కోడ్ చెప్పేది కూడా ఇంతే: నేను అడిగిన కోణం ఒకటి, కామ్ వచ్చి నిలబడ్డ కోణం ఇంకొకటి. ఎందుకు రాలేదో కోడ్‌కు తెలియదు. ఆ మాట స్కానర్ మీద ఎక్కడా ఉండదు.

కోడ్‌లలో తేడాలు చూడాలి, ఎందుకంటే వెతకాల్సిన దారి అక్కడే చీలుతుంది. పీ0010 అయితే ఇంటేక్ (గాలి లోపలికి వచ్చే) వైపు సోలెనాయిడ్ కరెంటు సర్క్యూట్ గొడవ. ఇక్కడ మాత్రం వైరు, కనెక్టరు, కాయిల్ ముందు చూడాలి. పీ0011 అంటే ఇంటేక్ కామ్ ఉండాల్సిన దానికన్నా ముందుకు వెళ్లి ఉండిపోయింది, లేదా చెప్పిన మాట వినడం లేదు. పీ0012 అంటే వెనకే ఉండిపోయింది. ఎగ్జాస్ట్ (పొగ బయటికి వెళ్లే వైపు) కామ్‌కు ఇవే వరుసగా పీ0013, పీ0014, పీ0015. పీ0016, పీ0017 వేరే జాతి. పిస్టన్లు తిప్పే క్రాంక్‌కూ కామ్‌కూ మధ్య ఉండాల్సిన లెక్క తప్పిందని వాటి అర్థం. అవి వస్తే చైను మీద అనుమానం పెట్టుకోవచ్చు. వి ఆకారపు ఇంజిన్లలో రెండో వరుస సిలిండర్లకు పీ0021, పీ0022 లాంటివి వస్తాయి. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే నాలుగు సిలిండర్ల వరుస ఇంజిన్లలో సిలిండర్ల వరుస (బ్యాంకు) ఒకటే.

కారు నడుస్తున్న తీరు కూడా సాక్ష్యం చెబుతుంది. ఇంటేక్ కామ్ ముందుకు జరిగి ఇరుక్కుంటే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) వణుకు, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం, వేడి మీద స్టార్ట్ కావడానికి మొండికేయడం. వెనకే ఉండిపోతే ఐడిల్ శుభ్రంగా ఉంటుంది కానీ మధ్య స్పీడుల్లో సత్తువ ఉండదు. బావగారి కారు చెప్పింది ఈ రెండోది.

హోండా సిటీ వాళ్లకు చిన్న మాట. 2020లో వచ్చిన ఐదో తరానికి ముందు మన దగ్గర అమ్మిన సిటీ 1.5 లీటర్ పెట్రోల్ వీటెక్ ఇంజిన్‌లో ఒకే కామ్, దాని మీద వీటెక్ మాత్రమే. అది వాల్వు ఎంత లేవాలో మారుస్తుంది, కామ్ కోణాన్ని తిప్పే ఫేజర్ అందులో లేదు. దానికి వచ్చే కోడ్‌లు పీ2646, పీ2647 లాంటివి. కింద ఫేజర్ గురించి చెప్పేది వాటికి వర్తించదు. ఆయిల్ గురించి చెప్పేది మాత్రం అక్షరాలా వర్తిస్తుంది.

కోడ్ చెరిపే ముందు రాసుకోండి

స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ పోర్టు ఉంటుంది. అందులో పెట్టే చిన్న బ్లూటూత్ స్కానరు, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే మొదటి అడుగుకు సరిపోతుంది. కోడ్‌లన్నీ రాసుకోండి, ఒక్కటి చూసి ఆగిపోవద్దు. పీ0011తో పాటు పీ0340 ఉంటే కామ్ సెన్సర్ సర్క్యూటే అబద్ధం చెబుతుండవచ్చు. పీ0335 ఉంటే క్రాంక్ సెన్సర్ సంగతి ముందు తేల్చాలి.

తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్ తెరవండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత ఆర్‌పీఎం మీద ఉంది, ఎంత లోడు మీద ఉంది అన్నీ అక్కడ దాచి ఉంటాయి. చాలామంది దీన్ని చూడనే చూడరు. కూలెంట్ 90 డిగ్రీలు దాటాక, తక్కువ ఆర్‌పీఎంలో పడిందంటే ఆయిల్ పలచబడి ప్రెజర్ చాలడం లేదేమో అనుకోవాలి. ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే పడిందంటే చిక్కటి ఆయిల్ కదలలేకపోతోందేమో అనుకోవాలి. ఈ ఫ్రీజ్ ఫ్రేమ్ కోడ్‌తో పాటే చెరిగిపోతుంది. ఫోటో తీసుకోండి.

ఆయిల్: ఇక్కడే ఎక్కువసేపు ఉండండి

కారు చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపేసి పది నిమిషాలు ఆగండి. ఆయిల్ గేజు (డిప్‌స్టిక్) బయటికి తీసి శుభ్రంగా తుడిచి, మళ్లీ చివరిదాకా దింపి తీయండి. పైగీతకూ కిందిగీతకూ మధ్య చాలా చిన్న కార్లలో సుమారు లీటరు తేడా ఉంటుంది. కిందిగీత దగ్గర ఉంటే మలుపుల్లో, ఎత్తుల్లో పంపు గాలి పీల్చే అవకాశం ఉంది. గాలి కలిసిన ఆయిల్‌తో ఫేజర్ కదలదు, ఊగుతుంది. పైగీత దాటి పోసినా అంతే, క్రాంక్ చిలికి నురగ చేస్తుంది.

మట్టం సరిగ్గా ఉంటే గేజు చివర ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. నల్లగా ఉండటం నేరం కాదు. ఇసుకలా తగిలినా, జిగురులా సాగినా, పెట్రోల్ వాసన గట్టిగా వచ్చినా అది మార్చాల్సిన ఆయిలే. ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేసి లోపల చూడండి. కామ్ దగ్గర ఇనుము తేనెరంగులో మెరుస్తుంటే మంచిదే. నల్లటి మైనం పొరలా పేరుకుని ఉంటే, అదే బురద ఫేజర్ సన్నని రంధ్రాల్లో కూడా ఉంటుంది.

ఇప్పుడు గ్రేడు. ఈ ఒక్క విషయంలో నేను చాలామందితో వాదించాను, ఇంకా వాదిస్తాను. "మన విజయవాడ ఎండలకు పలచటి ఆయిల్ నిలబడదండీ, చిక్కటిది పోయించండి" అని 20డబ్ల్యూ-50 పోస్తారు. మాన్యువల్‌లో చూస్తే 0డబ్ల్యూ-20 అనో 5డబ్ల్యూ-30 అనో ఉంటుంది. కొత్త మారుతి ఇంజిన్లలో కొన్నిటికి 0డబ్ల్యూ-16 కూడా ఉంది. గ్రేడులో వెనకున్న అంకె 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది. బయట 45 డిగ్రీలున్నా 20 డిగ్రీలున్నా థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాను కలిసి కూలెంట్‌ను దాదాపు 90 దగ్గరే ఉంచుతాయి. రోహిణి కార్తె ఎండ ఇంజిన్ బ్లాకు బయటే ఆగిపోతుంది. చిక్కటి ఆయిల్ ఫేజర్ గదుల్లోకి ఆలస్యంగా చేరుతుంది, ఈసీయూ లెక్కపెట్టుకున్న సమయానికి కామ్ జరగదు, కోడ్ పడుతుంది. ఏ భాగమూ చెడిపోకుండానే కోడ్ వచ్చే దారి ఇది.

చివరిసారి ఏ గ్రేడు పోశారో బిల్లు చూడండి. తెలియకపోయినా, మార్చాల్సిన గడువు దాటినా, మాన్యువల్‌లో రాసిన గ్రేడుతో ఆయిల్, మంచి ఫిల్టర్ రెండూ మార్చండి. నాసిరకం ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు పనిచేయకపోతే, రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయి పొద్దున స్టార్టింగ్‌లో చైను గలగలమంటుంది. తర్వాత కోడ్ చెరిపి రెండు మూడు రోజులు తిప్పండి. కొన్ని కార్ల గొడవ ఇక్కడితోనే తీరిపోతుంది. బురద పేరుకున్న ఇంజిన్‌లో కిరోసిన్ పోసి తిప్పి కడిగించుకోవద్దు. ఒక్కసారిగా ఊడిన పెంకులు పంపు జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కే ఆయిల్ అందదు.

అన్నట్టు, ఆయిల్ ప్రెజర్ ఎర్ర లైటు వెలుగుతుంటే ఇవేవీ వద్దు. బండి అక్కడే ఆపేయండి.

కనెక్టరు, వైరు, కాయిల్

సోలెనాయిడ్ చాలా ఇంజిన్లలో పైకే కనిపిస్తుంది, చైను ఉన్న వైపు సిలిండర్ హెడ్ మీద, రెండు వైర్ల కనెక్టరుతో, ఒక్క 10 నంబరు బోల్టు మీద. ఇంజిన్ చల్లారాక కనెక్టరు ఊడదీయండి. పిన్నుల దగ్గర ఆయిల్ ఊరి ఉందా, పచ్చగా చిలుము పట్టిందా, ఎలుక వైరు కొరికిందా చూడండి. వానాకాలంలో కారు కదలకుండా పెట్టేవాళ్లు ఈ చివరిది తప్పకుండా చూడాలి.

మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి సోలెనాయిడ్ రెండు పిన్నుల మధ్య కొలవండి. చాలా కార్లలో చల్లగా ఉన్నప్పుడు 7 నుంచి 12 ఓమ్‌ల మధ్య వస్తుంది. ఎన్నో టయోటా సోలెనాయిడ్‌లకు 20 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 7.9 అని సర్వీస్ మాన్యువల్‌లోనే ఉంటుంది. మీ ఇంజిన్ అంకెతో పోల్చుకోండి. మీటరు అనంతం చూపిస్తే కాయిల్ తెగింది, సున్నాకు దగ్గరగా చూపిస్తే లోపల షార్ట్ అయింది. అప్పుడు సోలెనాయిడ్ మార్చడం న్యాయమే.

ఓమ్‌లు సరిగ్గా వచ్చాయి కదా అని వదిలేయవద్దు. కాయిల్ బాగుండి, లోపల జరిగే స్పూలు ఇరుక్కుని ఉండొచ్చు.

బయటికి తీసి చూడటం

బోల్టు విప్పి, సోలెనాయిడ్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నవద్దు, అల్యూమినియం పెళుసు. కింద ఒక గుడ్డ పరచండి, కాస్త ఆయిల్ కారుతుంది. తీయగానే చేతిలో పట్టుకుని పక్కనున్న కోతల్లోంచి చూడండి. బాగున్న స్పూలు అద్దంలా నున్నగా ఉంటుంది. గోధుమరంగు వార్నిషు పట్టినా, గీతలు పడినా, నలకలు కనిపించినా సగం సమాధానం దొరికినట్టే.

బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైరుతో రెండు పిన్నులకు 12 వోల్టులు ఒక్క క్షణం తాకించండి. టిక్కుమని స్పూలు కొన్ని మిల్లీమీటర్లు జరగాలి, వైరు తీయగానే స్ప్రింగుతో వెనక్కి రావాలి. జరగకపోయినా, జరిగి అక్కడే ఉండిపోయినా దోషి అదే. కరెంటు ఎక్కువసేపు ఉంచవద్దు, కాయిల్ కాలిపోతుంది. బురద మాత్రమే ఉంటే ఓ-రింగు తీసి పక్కన పెట్టి, కార్బ్ క్లీనర్ కొడుతూ పది పదిహేనుసార్లు టిక్కు టిక్కుమనిపించి, మళ్లీ బిగించవచ్చు. కొత్త ఓ-రింగు వేసి ఆయిల్ రాయండి. బోల్టుకు బలమంతా చూపించవద్దు, ఈ సైజు బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది.

ఇక జాలీ. బావగారి కారు కథ తేలింది ఇక్కడే. కొన్ని ఇంజిన్లలో సన్నని వలలాంటి ఫిల్టర్ సోలెనాయిడ్ ఒంటి మీదే ఉంటుంది. ఇంకొన్నింటిలో సోలెనాయిడ్‌కు ఆయిల్ వచ్చే దారిలో, ఒక బోల్టు వెనక విడిగా ఉంటుంది. విడిగా ఉన్నదాన్ని చాలామంది ముట్టుకోరు, ఎందుకంటే సోలెనాయిడ్ మార్చడానికి దాని అవసరం పడదు. మేము ఆ బోల్టు విప్పి, వేలి గోరంత ఉన్న జాలీని ట్వీజర్‌తో బయటికి లాగాం. వలకు అడ్డంగా బూడిదరంగు ముక్కలు మూడు. నలిపితే రబ్బరులా సాగాయి. బావగారిని అడిగితే, లైటు వెలగడానికి ఆరు నెలల ముందు టైమింగ్ కవర్ దగ్గర ఆయిల్ లీకేజీ కట్టించామన్నారు. కవర్ అతికించేటప్పుడు సిలికాన్ పేస్టు ఎక్కువ పెట్టారు. లోపలివైపు పిండుకుని వచ్చిన పేస్టు ఎండి, ముక్కలై, ఆయిల్‌తో పాటు తిరిగి ఇక్కడ చేరింది. ఎన్ని కొత్త సోలెనాయిడ్‌లు వేసినా వాటిదాకా ఆయిల్ వస్తే కదా. కామ్ వెనకే ఉండిపోవడానికి, పీ0012 రావడానికి, ఐడిల్ మాత్రం నున్నగా ఉండటానికి మూడింటికీ ఆ మూడు ముక్కలే కారణం. జాలీ కడిగి, కొత్త వాషరు వేసి, ఆయిల్ మార్చి బిగించాం. అప్పటి నుంచి ఆ కోడ్ మళ్లీ పడలేదు.

కాబట్టి కోడ్ రాకముందు ఆ ఇంజిన్ మీద ఏ పని జరిగిందో తప్పకుండా అడగండి. హెడ్ దించారా, కవర్ తీశారా, చైను ముట్టుకున్నారా. పని జరిగిన వెంటనే పీ0016 వస్తే చైను ఒక పన్ను తప్పించి ఎక్కించారేమో చూడాలి.

ఇంజిన్ తిరుగుతుండగా ఒక పరీక్ష

ఇది ఆయిల్ దారి, సోలెనాయిడ్, ఫేజర్ మూడింటినీ ఒకేసారి పరీక్షిస్తుంది. టయోటా సర్వీస్ మాన్యువల్స్‌లో కూడా ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఇంటేక్ సోలెనాయిడ్ కనెక్టరు తీసేయండి. ఐడిల్ మామూలుగానే ఉండాలి. ఇప్పుడు సోలెనాయిడ్ పిన్నులకు 12 వోల్టులు ఇవ్వండి. కామ్ ముందుకు జరిగి ఇంజిన్ వణకాలి, లేదా ఆగిపోవాలి. అలా జరిగితే ఆయిల్ వస్తోంది, ఫేజర్ కదులుతోంది, ఇక అనుమానం వైరింగు, సెన్సర్ల మీద పెట్టండి. మార్పే లేకపోతే ఆయిల్ అందడం లేదు, లేదా ఫేజర్ బిగుసుకుపోయింది. ఫ్యాను, బెల్టుల దగ్గర చేతులు, వదులు చొక్కాలు జాగ్రత్త. ఈ పరీక్ష వల్ల కొత్త కోడ్ పడుతుంది, అది చెరిపేయండి.

ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండింటికీ వీవీటీ ఉన్న ఇంజిన్లలో ఇంకో సులువైన దారి ఉంది. రెండు సోలెనాయిడ్‌ల పార్ట్ నంబరు ఒకటే అయితే, ఒకదాని చోట ఇంకొకటి వేసి చూడండి. కోడ్ ఇంటేక్ నుంచి ఎగ్జాస్ట్‌కు మారితే తప్పు సోలెనాయిడ్‌దే. పైసా ఖర్చు లేదు. నంబరు వేరైతే మాత్రం చూడటానికి ఒకేలా ఉన్నా మార్చి వేయవద్దు.

లైవ్ డేటా

చవక స్కానర్లలో కామ్ కోణాలు తరచుగా కనిపించవు. ఆ కంపెనీ డేటా చదవగలిగే స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లండి, ఈ ఒక్క పనికి డబ్బు ఇవ్వడం దండగ కాదు. అడిగిన కోణం, వచ్చిన కోణం రెండూ ఒకే గ్రాఫులో పెట్టించి చూడండి. బాగున్న కారులో ఐడిల్‌లో రెండూ సున్నా దగ్గర ఉంటాయి, యాక్సిలరేటర్ ఇచ్చి బండి నడుపుతుంటే మొదటి గీత లేచిన వెంటనే రెండోది దాని అడుగుల్లో అడుగు వేస్తుంది. రెండో గీత లేవనే లేవకపోతే ఆయిల్ అందడం లేదు, లేదా స్పూలు కదలడం లేదు. లేచి దిగకపోతే స్పూలు తెరుచుకుని ఇరుక్కుంది. తాగినవాడిలా ఊగుతుంటే ఆయిల్ ప్రెజర్ చాలడం లేదు, ప్రెజర్ గేజు పెట్టి కొలిపించండి. ఐడిల్‌లోనే ఎప్పుడూ ఒకే అంత తేడా చూపిస్తూ, ఆ తేడా పట్టుకునే మిగతా అంతా సక్రమంగా నడిస్తే చైను సాగింది లేదా పన్ను తప్పింది.

చైను, ఫేజర్ దాకా ఎప్పుడు వెళ్లాలి

పైవన్నీ అయ్యాకే. చల్లటి స్టార్టింగ్‌లో రెండు మూడు సెకన్లు చైను వైపు నుంచి గలగల చప్పుడు, దానికి తోడు పీ0016, లైవ్ డేటాలో కదలని తేడా, ఈ మూడూ కలిసి వస్తే కవర్ తీయించడంలో అర్థం ఉంది. అప్పటిదాకా ఆ బండిని నడపవద్దు కూడా. చాలా ఇంజిన్లలో చైను జారితే పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. కవర్ తీశాక చైను ఒక్కటే మార్చి మూసేయకుండా టెన్షనర్, గైడ్లు కూడా మార్పించండి. ఫేజర్ లాక్ పిన్ అరిగి ఉంటే అదీ మార్చాలి. మళ్లీ కవర్ అతికించేటప్పుడు పేస్టు సన్నని గీతలా పెట్టమని దగ్గరుండి చెప్పండి.

సరయిందో లేదో తేల్చుకోవడం

కోడ్ చెరిపాక లైటు ఆరిపోవడం చూసి సంబరపడవద్దు. చాలా కార్లలో ఈ తప్పు వరుసగా రెండు ట్రిప్పుల్లో కనబడితేనే లైటు వెలుగుతుంది. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేసి, పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. కాసేపు ఊళ్లో ఆగుతూ సాగుతూ, కాసేపు హైవే మీద ఒకే స్పీడులో. ఇలా మూడు నాలుగు రోజులు చేసి, లైటు వెలగకపోయినా స్కానర్ పెట్టి పెండింగ్ కోడ్‌లు చూడండి. అక్కడ ఖాళీగా ఉంటే పని అయినట్టే. బురద కనిపించిన ఇంజిన్ అయితే కొత్త ఆయిల్ దాన్ని మెల్లగా కరిగించుకుంటూ వస్తుంది కాబట్టి, గడువు దాకా ఆగకుండా వెయ్యి కిలోమీటర్ల దగ్గరే ఆయిల్, ఫిల్టర్ ఇంకోసారి మార్పించి, ఆ రోజే జాలీ కూడా ఒకసారి విప్పి చూడండి.